ఏటి హోరులో వినిపించిన పేరు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. పెద్దదేం కాదు, రెండే మాటలు. “నాకు వినపడలేదు.” అంత చిన్న మాట ఇంత బరువెక్కుతుందని అప్పుడు తెలియదు. ఒక్కోసారి నిజంగానే వినపడలేదేమో అని నన్ను నేనే నమ్మించుకోబోయేవాణ్ని. నా వల్ల కాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేం ముగ్గురం. శామ్యూల్, ప్రభాకర్, నేను. ముగ్గురమూ అప్పట్లో కెనడాలో, వాంకూవర్ పక్కనే ఉన్న బర్నబీలో ఉండేవాళ్లం. శామ్యూల్‌ది నరసాపురం వైపు. వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. అతనూ నేనూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. ప్రభాకర్‌ది నల్గొండ, నా ఆఫీసులోనే పని. వాళ్లిద్దర్నీ కలిపింది నేనే.

ఫ్లై ఫిషింగ్ పిచ్చి మాకు అంటించింది మాత్రం శామ్యూల్. ఈకలూ దారాలూ చుట్టి, గాలానికి పురుగులాంటి ఎర తనే కట్టేవాడు. కొండల్లోంచి దిగే ఏట్లో తొడల లోతు నీళ్లలో నిలబడి, ఆ ఎరను నీటి మీద ఈగ వాలినంత తేలిగ్గా వాల్చాలి. నమ్మితే ట్రౌట్ చేప పైకొచ్చి అందుకుంటుంది. మేం వెళ్లే ఏట్లో పట్టిన చేపను మళ్లీ వదిలేయాలి, అక్కడి రూల్ అది. “గింత దూరం డ్రైవ్ చేసుకుంట వచ్చి, చేపను ఇడిసిపెట్టి పులిహోర తిని పోతున్నమా?” అని మొదటిసారి ప్రభాకర్ పడీ పడీ నవ్వాడు. తర్వాత అతనే మాకంటే ముందు తయారయ్యేవాడు.

శామ్యూల్‌కి చేపలు పడేవి. నాకు పడేవి కావు. పడినా వేలెడంత. అతనెప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. నా వెనక నిలబడి, “చెయ్యి అంత బిగబట్టకురా, వదులుగా వెయ్యి” అనేవాడు. ఆ మంచితనమే నాకు గుచ్చుకునేది. ఎందుకు? చదువులోనూ జీతంలోనూ అతనికంటే పైనున్నాననుకునేవాణ్ని. ఏట్లో దిగితే ఆ లెక్కలేవీ పనికొచ్చేవి కావు. అదా నా బాధ? అదే అయ్యుంటుంది. అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాదు.

ఆ రోజు సెప్టెంబరు చివర. హోప్ ఊరు దాటి, ఫోన్ సిగ్నల్ పోయాక ఇంకా చాలా దూరం కొండదారిలో వెళ్లాం. పొద్దుటి నుంచీ శామ్యూల్ చేపలు పడుతూనే ఉన్నాడు, వదులుతూనే ఉన్నాడు. నాకు ఒక్కటీ లేదు. మధ్యాహ్నం తిన్నాక ప్రభాకర్ ఏటి మలుపు అవతలికి వెళ్లాడు. శామ్యూల్ తను గాలం వేస్తున్న మడుగు చూపించి, “ఇక్కడ పెద్దదుందిరా, పొద్దున చూశాను. నువ్వు వెయ్యి. నేను కింద చూసుకుంటాలే” అని దిగువకు నడిచాడు. తన చేపను నాకు వదిలేశాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

అది పడింది. లైన్ ఒక్కసారిగా బిగుసుకుని, రాడ్ విల్లులా వంగిపోయింది. చేప నీళ్లలోంచి పైకి ఎగిరి మళ్లీ పడింది. ఇంక చేతికొచ్చేస్తుందనగా, దిగువ నుంచి నా పేరు వినిపించింది.

పేరు పెట్టి పిలిచాడు. స్పష్టంగా.

తల తిప్పి చూశాను. శామ్యూల్ రెండు బండల మధ్య ఛాతీ లోతు నీళ్లలో కూలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. నీళ్లు వెనక నుంచి అతన్ని ముందుకు తోస్తున్నాయి. నేను చూశాను. చూసి, మళ్లీ చేప వైపు తిరిగాను.

ఎంతసేపు? నాకు తెలియదు. చేపను వలలోకి తీసుకున్నాను. గాలం తీశాను. ఆ తర్వాత చేసింది చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. అలసిన చేపను ఊరికే వదిలేస్తే తేలిపోయి చచ్చిపోతుంది. అందుకని దాన్ని పారే నీటికి ఎదురుగా, రెండు చేతుల్లో మెత్తగా పట్టుకుని, దానికి ఊపిరి ఆడేదాకా ఆగాను. అలా ఆగాలని నాకు నేర్పిందీ శామ్యూలే. అది తోక ఆడించి వెళ్లిపోయాక, అప్పుడు తల ఎత్తాను. ప్రభాకర్ అరుస్తూ నీళ్లలో పరిగెత్తుకొస్తున్నాడు. శామ్యూల్ తల కనపడటం లేదు.

నేను అక్కడికి చేరేసరికే ప్రభాకర్ అతన్ని ఒక్కడే లాగి గట్టున పడేశాడు. శామ్యూల్ నీళ్లు కక్కుకుంటున్నాడు. ఎడమ పాదం తిరగకూడని వైపు తిరిగి ఉంది.

“నీకు ఇనపడలేదారా?” అని అడిగాడు ప్రభాకర్, రొప్పుతూ. “నాకు మలుపు అవతలికే ఇనపడ్డది!”

“నాకు వినపడలేదురా. నీళ్ల హోరు.”

అతను నమ్మాడు. నమ్మకపోవడానికి అతనికి కారణమేముంది?

కారు నేనే నడిపాను, పిచ్చివాడిలా. హాస్పిటల్‌కి శామ్యూల్ భార్య సునీత వచ్చి నా చేతులు పట్టుకుని, “మీరు లేకపోతే ఏమైపోయేదో అన్నయ్యా” అని ఏడ్చింది. నేను ఆ చేతులు విడిపించుకోలేదు.

శామ్యూల్ బతికాడు. కాలు మాత్రం పూర్తిగా బాగవలేదు. చీలమండ ఎముకలు విరగడమే కాదు, నరం కూడా దెబ్బతిందట. బండల మధ్య ఇరుక్కున్న పాదాన్ని బలంగా లాగడం వల్ల ఎక్కువై ఉండొచ్చని డాక్టర్ అన్నాడు. సునీత ఆ ఒక్క మాటే పట్టుకుంది. “గొడ్డును లాగినట్టు లాగేశాడంట. కొంచెం నిదానంగా తియ్యొచ్చు కదా” అని వచ్చినవాళ్లందరితో అనేది. ఒకసారి ప్రభాకర్ ఎదురుగానే అంది. అతను తల వంచుకుని విన్నాడు. పక్కనే నేను కాఫీ తాగుతున్నాను.

ఇద్దరం ఉండి ఉంటే ఒకరు శామ్యూల్ తల నీళ్ల పైన పట్టుకునేవాళ్లం, ఒకరు పాదం మెల్లగా తీసేవాళ్లం. అతను ఒక్కడే ఉన్నాడు. ప్రాణమో కాలో తేల్చుకోవలసి వచ్చింది. అతన్ని ఒంటరిని చేసింది నేను. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నోరు తెరవలేదు.

శామ్యూల్ రోజంతా నిలబడి చేసే పని మానుకుని ఆఫీసు బల్ల ముందు కూర్చున్నాడు. మళ్లీ ఏట్లో దిగలేదు. ప్రభాకర్ శామ్యూల్ ఇంటికి రావడం తగ్గించి, తర్వాత ఒంటారియోలో ఉద్యోగం చూసుకుని మిల్టన్ వెళ్లిపోయాడు. నేను మాత్రం అందరికీ కావలసినవాడిగా ఉండిపోయాను. క్రిస్మస్‌కి శామ్యూల్ వాళ్ల ఇంట్లో భోజనం, వాళ్ల పిల్లలకు నేనంటే ఇష్టం.

మొన్న వేసవిలో ప్రభాకర్ పని మీద వాంకూవర్ వచ్చి ఫోన్ చేశాడు. కలిశాం. జుట్టు నెరిసింది. పిల్లల గురించీ ఇంటి గురించీ మాట్లాడి, లేవబోతూ అడిగాడు. “శామ్యూల్ కాలు ఎట్లుందిరా? నేను జర మెల్లగ లాగి ఉంటే మంచిగుండునేమో కదా?”

ఇన్నేళ్ల తర్వాత. ఇంకా.

అప్పుడు కూడా నేను చెప్పలేదు. “అదేం లేదురా” అని భుజం తట్టాను. అతని కారు వెళ్లిపోయాక పార్కింగ్‌లో కూర్చుని చాలాసేపు స్టీరింగ్ వదల్లేకపోయాను.

ఆ శనివారం శామ్యూల్ ఇంటికి వెళ్లాను. సునీత టీ పెట్టబోతుంటే వద్దన్నాను. ఇద్దరినీ కూర్చోమని చెప్పాను. వినపడిందని చెప్పాను. చూశానని, చూసి చేప వైపు తిరిగానని, తనే లేస్తాడులే అనుకున్నానని చెప్పాను. సునీత నా ముఖం వంక చూడలేదు. లేచి ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. కాసేపటికి, “ప్రభాకరన్నయ్యా, నేను సునీతని” అన్న మాట వినిపించింది. ఆ తర్వాత ఏడుపే.

శామ్యూల్ తన కాలి వంక చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. “ఎంతుందిరా ఆ చేప?”

చేతులు చాపి చూపించాను. మూరెడు కూడా లేదు. అతను చూసి తల ఊపాడు. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. అప్పటి నుంచి ఆ ఇంటి నుంచి ఫోన్ లేదు. ప్రభాకర్ నుంచీ లేదు. నాకు తగిన శాస్తే.

కానీ ఆ రోజే, వాళ్ల ఇంటి ముందు కారు తలుపు తీస్తుండగా అర్థమైంది. అక్కడ కూడా ఒక అబద్ధమాడి వచ్చాను. తనే లేస్తాడులే అనుకున్నానన్నాను కదా? అనుకోలేదు. అతని చెయ్యి చూడగానే, పాదం ఇరుక్కుందని, లేవలేడని నాకు తెలిసిపోయింది. తెలిసిన ఆ క్షణంలో, ఎప్పుడూ తప్పటడుగు వేయని శామ్యూల్ నా ముందు పడిపోయినందుకు, నాకు లోపలెక్కడో సంతోషం వేసింది. చిన్నదే. కానీ వేసింది. ఆ సంతోషంతోనే చేప వైపు తిరిగాను.

ఇది వాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెప్పాను.