వీధి మొదట్లో మూడు నిమిషాలు

1988లో నరసరావుపేట పల్నాడు రోడ్డు మీద నాకు ఒక షెడ్డు ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్ళు, మధ్యలో డీజిల్ వాసన. జీపులు, ట్రాక్టర్లు, టాక్సీలు వచ్చేవి. ఇంజిన్ చప్పుడు విని రోగమేదో చెప్పేస్తాడని నాకు చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరంటే నాకు కాస్త ఎక్కువ మోజే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎవరైనా డ్రైవరు బండి దిగి ఏదో చెప్పబోతే, "నువ్వాగు, బండి చెప్తదిలే" అని నోరు మూయించేవాణ్ణి.

ఆ ఏడాది ఎండాకాలం ముగుస్తుండగా వెంకటప్పయ్య గారి కారు నా షెడ్డుకు వచ్చింది. ఆయనకు దాచేపల్లి అవతల నాపరాయి క్వారీ ఉంది, ఇల్లు పేటలోనే. ఏదో ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వాడుకుని, పనయ్యాక అమ్మేసి వెళ్ళిన చిన్న కారు అది. బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన నత్తగుల్లలాంటి ఇనుప బుర్ర ఒకటి కనిపించింది. అదే టర్బో. నేను అంతవరకు పేరు విన్నానేగాని కళ్ళతో చూడలేదు. ఆ సంగతి మాత్రం బయటికి పొక్కనివ్వలేదు.

టర్బో అంటే పెద్ద మాయేమీ కాదు. మామూలు డీజిల్ ఇంజిన్ తనకు కావలసిన గాలిని తనే పీల్చుకుంటుంది. టర్బో ఉన్నదానికి గాలిని కూరిపెడతారు. సైలెన్సరులోకి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి ఇంజిన్‌లోకి నెడుతుంది. కొలిమిలో తిత్తి ఊదినట్టు. అందుకే ఇంజిన్ చిన్నదైనా పరుగు గట్టిగా ఉంటుంది. ఇదంతా ఇప్పుడు ఇంత తీరిగ్గా చెప్తున్నాను గాని, ఆ రోజు నాకు ఇందులో సగం తెలియదు.

"వారానికి లీటరు ఆయిలు పోస్తన్నాం మేస్త్రీ," అన్నారు వెంకటప్పయ్య గారు. "కింద చుక్క కారట్లా. మరి ఎక్కడికి పోతంది?"

పక్కనే ఆయన డ్రైవరు కోటయ్య నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళవాడు, లారీల మీద పనిచేసి వచ్చినవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తంది మేస్త్రీ. అదొకసారి చూడు," అన్నాడు.

"డీజిల్ బండి పొద్దున్నే పొగ వదలక సాంబ్రాణి వేసుద్దా బాబాయ్?" అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. కోటయ్య కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఆయిలు పోతుంటే ముందు అనుమానించాల్సింది పిస్టన్ రింగుల్ని. ఇంజిన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూస్తే, రింగులు అరిగిన ఇంజిన్ అక్కడినుంచి పొగ కక్కుతుంది. దీనికి పొగ లేదు. గ్యాస్కెట్లన్నీ పొడిగా ఉన్నాయి. రేడియేటరు నీళ్ళలో ఆయిలు జిడ్డు లేదు. టర్బోకు వచ్చే రబ్బరు గొట్టం ఒక్కటి విప్పి చూస్తే సరిపోయేది. విప్పలేదు. విప్పితే తిరిగి ఎలా బిగించాలో తెలియదేమోనని భయం. తెలియదని చెప్పడానికి నామోషీ.

"ఇంజిన్ నిక్షేపంగా ఉందండీ. ఆయిలు తాగట్లా," అని తీర్పు చెప్పేశాను.

వెంకటప్పయ్య గారు కోటయ్య వైపు ఒకసారి చూసి కారెక్కారు. ఆ చూపు నేనూ చూశాను. చూసి, చేతులు తుడుచుకుని వేరే బండి పనిలో పడ్డాను.

శుక్రవారం పొద్దున కోటయ్య ఒక్కడే నడుచుకుంటూ షెడ్డుకొచ్చాడు.

"సోమవారం నుంచి రావద్దన్నాడు అయ్యగారు," అన్నాడు. "నేను ఆయిలు తీసి అమ్ముకుంటన్నానంట. ఇంజిన్ తాగట్లేదని మేస్త్రీ చెప్పాడు గదా, ఇంకెవుడు తాగినట్టు అంటన్నాడు. ఇరవై రెండేళ్ళు స్టీరింగు పట్టుకున్నా అబ్బాయ్. నువ్వన్న ఒక్క మాటకి దొంగనైపోయా."

ఆయిలు దొంగ అని పేరు పడితే పేట నుంచి మాచర్ల దాకా ఆ మనిషిని ఏ బండీ ఎక్కించుకోరు. డ్రైవరుకు పొలం పుట్రా ఉండదు, ఉండేది ఆ నమ్మకం ఒక్కటే. దాన్ని నేను నా పేరు నిలబెట్టుకోవడానికి తీసి పారేశాను. సిగ్గేసింది.

"నువ్వేం చెయ్యొద్దు," అన్నాడు కోటయ్య. "రేపొక్క రోజు నాతో బండెక్కు. ఎక్కడన్నా నేను డబ్బా దించితే నువ్వే పట్టిచ్చు."

శనివారం పొద్దున వెంకటప్పయ్య గారింటికి వెళ్ళి, బండి పరుగులో ఉండగా ఒకసారి చప్పుడు వినాలని అడిగి ముందు సీట్లో కూర్చున్నాను. ఎక్కే ముందు ఆయిలు మూతకీ, కింద ఆయిలు తీసే నట్టుకీ ఎర్ర పెయింటు చుక్క పెట్టాను. ఎవరు తిప్పినా ఆ చుక్క చెదురుతుంది. డిప్‌స్టిక్ మీద, అంటే ఆయిలు మట్టం చూసే కమ్మీ మీద, గీత గీసుకున్నాను. స్టార్ట్ చేస్తే వెనక నీలంగా పొగ లేచింది. కోటయ్య నా మొహం చూడలేదు. చూస్తే బాగుండేదనిపించింది.

క్వారీకి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనానికి తిరుగు ప్రయాణం. అయ్యగారికి ఆకలి, రోడ్డు ఖాళీ, కోటయ్య బండిని బాగా లాగించాడు. పేటలోకి వచ్చాం. వాళ్ళ వీధి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పల్లంగా దిగుతుంది. వీధి మొదట్లో, పాత నూనె మిల్లు గోడ దగ్గర, కోటయ్య టక్కున ఇంజిన్ ఆపేసి బండిని న్యూట్రల్‌లో వదిలేశాడు. కారు సడి లేకుండా ఇంటిదాకా జారుతూ వెళ్ళింది.

"మా కోటయ్యకి డీజిలు మీద మాత్రం చానా జాగ్రత్తలే," అన్నారు వెనకనుంచి అయ్యగారు, వెటకారంగా.

నేను ఆయన మాట వినడం లేదు. ఇంజిన్ ఆగిపోయాక కూడా బానెట్ కింద ఏదో కూస్తోంది. సన్నటి ఈల. అందులో సన్నగా గరగర. కారు ఇంటిముందు ఆగబోయేదాకా వినిపించి అణిగిపోయింది. ఇంజిన్ చచ్చిపోయినా ఆ నత్తగుల్లలో చక్రం ఇంకా తిరుగుతూనే ఉందన్నమాట. దానికి ఆయిలు అందించే పంపు ఇంజిన్‌తోపాటే ఆగిపోయింది కదా. మరి అది దేని మీద తిరుగుతోంది?

అయ్యగారు లోపలికి వెళ్ళాక కోటయ్యను పట్టుకున్నాను. "రోజూ ఇట్టాగే ఆపుతావా బాబాయ్?"

"రోజూ."

"డీజిలు కోసమా?"

కోటయ్య ఇంటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మగారికి పార్శ్వపు నొప్పి అబ్బాయ్. వచ్చిందంటే రెండు రోజులు లేవలేదు. తలుపులేసుకుని చీకట్లో పడుకుంటది. ఒకనాడు నేను రయ్యిమని తెచ్చి గుమ్మం ముందు పెట్టా. తలకి గుడ్డ కట్టుకుని బయటికొచ్చి, అరుగు మీంచి వాంతి చేసుకుంది పాపం. నన్ను ఒక్క మాట అన్లా. అప్పట్నుంచి ఇట్టా చప్పుడు లేకుండా తెస్తన్నా."

"అయ్యగారికి చెప్పలేదా?"

"వాళ్ళింట్లో ఆడమనిషి తలనొప్పి గురించి ఆయనకి నేనేం చెప్పేది? చెయ్యగలిగింది చేస్తన్నా."

సాయంత్రం బండిని షెడ్డుకు తెప్పించి రబ్బరు గొట్టం విప్పాను. గొట్టంలో ఆయిలు మడుగు కట్టి ఉంది. ఇరుసును వేలితో కదిపితే ఊగులాడింది. పెయింటు చుక్కలు రెండూ చెదరకుండా ఉన్నాయి. డిప్‌స్టిక్ మీద మట్టం మాత్రం నేను గీసిన గీతకు కాస్త కిందికి దిగింది. నా అదృష్టం కాదు, కోటయ్య అదృష్టం.

ఆదివారం ఆ టర్బోను గోనెసంచిలో వేసుకుని విజయపురి సౌత్ బస్సెక్కాను. అక్కడ డ్యామ్ పనుల్లో పెద్ద మట్టి యంత్రాలు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. విప్పి, లోపల బేరింగుకు పట్టిన నల్లటి పెచ్చును గోటితో గీకి నా చేతిలో పెట్టాడు. అది మాడి బొగ్గైపోయిన ఇంజిన్ ఆయిలు.

"ఇరుసు ఆయిలు పొర మీద తేలతా తిరుగుద్ది," అన్నాడు. "గట్టిగా తోలొచ్చి ఠక్కున ఆపితే ఆయిలు రాదు. ఉన్నది ఆ వేడికి మాడిపోద్ది. ఆ బొగ్గు గీసి గీసి ఇరుసు అరుగుద్ది, ఆయిలుకి అడ్డుండే సీలు పోద్ది. ఇంక ఆయిలంతా పొగలోకే. ఆపేముందు మూడు నిమిషాలు ఊరికే నడవనియ్యాలయ్యా. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలియదండీ," అన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ మాట నా నోటినుంచి రావడం. బేరింగు, సీలు మార్చి ఇచ్చాడాయన. ఇంకా కొంత చెప్పాడు. టర్బో బండికి ఆయిలు, ఫిల్టరు మామూలు బండి కంటే ముందే మార్చాలి. క్వారీ దుమ్ములో తిరిగేదానికి గాలి ఫిల్టరు మరీ జాగ్రత్త. పొద్దున్నే స్టార్ట్ చేయగానే యాక్సిలరేటరు తొక్కి రేజ్ చేయకూడదు, ఆయిలు పైదాకా ఎక్కనివ్వాలి. అన్నీ కాగితం మీద రాసుకున్నాను.

సోమవారం పొద్దున కోటయ్యను వెంటబెట్టుకుని వెంకటప్పయ్య గారి వరండాలో నిలబడ్డాను. బొగ్గు పెచ్చును ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను.

"తప్పు నాదండీ. తెలియకుండానే తెలిసినట్టు మాట్లాడాను. మీ ఆయిలు ఈయన తియ్యలేదు. బండే తాగింది."

ఆయన పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే ఇంజిన్ని పాడుచేసింది వీడేగా? డీజిలు ఆదాకి పోయి..."

"డీజిలు కోసం కాదండీ," అన్నాను. కోటయ్య నా చొక్కా వెనకనుంచి లాగాడు. నేనాగలేదు. నూనె మిల్లు దగ్గర ఎందుకు ఆపుతాడో, ఏ రోజునుంచి ఆపుతున్నాడో చెప్పేశాను.

వెంకటప్పయ్య గారు లోపల మూసి ఉన్న గది తలుపు వైపు చూశారు. తర్వాత కోటయ్యను అడిగారు, "అరుగు మీద వాంతి చేసుకుందా? ఎప్పుడు?"

"శివరాత్రి ముందండీ."

"నాకు చెప్పలా," అన్నారాయన. ఆవిడ చెప్పలేదనో, కోటయ్య చెప్పలేదనో నాకు అర్థం కాలేదు. "తలనొప్పంటే నేను నస అనుకునేవాణ్ణి," అన్నారు. తాళంచెవి తీసి కోటయ్యకు అందించారు. క్షమించమని అనలేదు. ఆ తరం ఆసాములకు ఆ మాట అంత తొందరగా రాదు. కాని ఎప్పుడూ బల్ల మీద పడేసే తాళంచెవిని ఆ రోజు చేతిలో పెట్టారు. కోటయ్య రెండు చేతులతో అందుకున్నాడు.

ఇంజిన్ ఆపి జారవిడిస్తే బ్రేకు పెడలు గట్టిపడి బండి సరిగా ఆగదు, అది కూడదన్నాను. ఇంటిముందు మూడు నిమిషాలు నడిపితే ఆవిడకు నరకం. చివరికి నూనె మిల్లు గోడ దగ్గరే బండి ఆపి, ఇంజిన్‌ను మూడు నిమిషాలు నడవనిచ్చి, ఆపేసి, అక్కడే వదిలెయ్యాలని తేల్చాం. ఇంటిదాకా నడక. అయ్యగారు ఒప్పుకుంటారనుకోలేదు. ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. బానెట్ ఎత్తే ముందు డ్రైవరుకు టీ ఇప్పించి, బండిని రోజూ ఎక్కడ ఎలా ఆపుతాడో, ఎందుకు ఆపుతాడో అడుగుతాను. ఇంజిన్ చెప్పేది సగమే. తెలియని బండి వస్తే తెలియదంటాను. నా పేరేమీ తగ్గలేదు.

కొన్నేళ్ళకు వెంకటప్పయ్య గారు ఆ కారు తీసేసి పెట్రోలు కారు కొన్నారు. ఒక మధ్యాహ్నం అటుగా పోతుంటే, ఆ కొత్త కారు నూనె మిల్లు గోడ పక్కన ఆగి ఉంది. అయ్యగారు, కోటయ్య దిగి ఇంటివైపు నడుస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. సైకిలు ఆపి, "అయ్యా, ఈ బండికి టర్బో లేదండీ. ఇంటిదాకా తీసుకుపోవచ్చు," అని గట్టిగా చెప్పాను.

వెంకటప్పయ్య గారు వెనక్కి తిరిగి, మెల్లగా మాట్లాడమన్నట్టు చెయ్యి ఊపారు.

"తెలుసులే మేస్త్రీ," అన్నారు. "ఆవిడ పడుకుంది."