సబ్బునీళ్ల బిగువు

పోయిన శుక్రవారం పొద్దున బాపు జగిత్యాలలో మా హాస్టల్‌కు ఫోన్ చేసి, "పెద్దబాపు పోయిండు బిడ్డా, బస్సెక్కు" అన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. సిరిసిల్ల దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ ఏడుపులో సగం కోపమే. ఆయనకు నేనొక మాట చెప్పాల్సి ఉంది. మూడు నెలలుగా వాయిదా వేస్తున్నాను. ఇంకొక్క వారం ఆగలేకపోయాడు.

మా బాపుకు సొంత అన్న ఆయన. మరమగ్గాలకెక్కే ముందు నూలుకు గంజి పట్టించే సైజింగ్‌లో పనిచేశాడు. తొట్లలో తేలే నురగను చూసి కొంత, ఫోన్‌లో వీడియోలు చూసి కొంత సైన్సు నేర్చుకున్నాడు. ఎవరేం మాట్లాడినా "గది తప్పు" అని మొదలుపెట్టేవాడు.

నాలుగైదు నెలల కింద కోరుట్లలో మా చుట్టాల పెళ్లి. పెళ్లికూతురు నడిచొచ్చే దారిలో బుడగలు ఊదే మిషన్ పెట్టారు. బుడగలు వచ్చినవి వచ్చినట్టే పగిలిపోతున్నాయి. పెద్దబాపు నేరుగా మిషన్ నడిపే అతని దగ్గరికి పోయాడు.

"గిండ్ల ఏం కలిపినవ్?"

"షాంపూ."

"గ్లిజరిన్ ఏది మరి? గీ ఎండకు పొరల నీళ్లు ఆరిపోతున్నయ్. జర పోస్తే ఆగుతయ్."

"కాకా, ముందు పిల్లను రానియ్."

పిల్ల దండ బరువుతో ఎండలో నిలబడే ఉంది. నేను పోయి స్తంభం చాటున నిలబడ్డాను.

సైన్స్ ఫెయిర్‌కు బుడగల మీద చార్టు రాయాలన్న ఆలోచన నాకు ఆ పెళ్లిలోనే వచ్చింది. అప్పుడప్పుడే మాటల మీద మోజు మొదలైంది. "నూలుకు గంజి ఎలాగో నీటికి సబ్బు అలాగ. సబ్బు నీటి బిగువును పెంచుతుంది, అందుకే బుడగ నిలుస్తుంది" అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాశాను. గంజి వాసనలో పెరిగిన పిల్ల రాయాల్సిన వాక్యం ఇదేనని మురిసిపోయాను.

"గది తప్పు," అన్నాడు పెద్దబాపు అది చదివి. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, పైన ఒక సూదిని మెల్లగా పడుకోబెట్టాడు. తేలింది. సబ్బు రాసిన వేలు నీళ్లకు తాకించాడు. మునిగింది.

"బిగువు పెరిగితే మునుగుతదా? ఉత్త నీళ్లకే బిగువెక్కువ బిడ్డా. గుంజుకొని చుక్కలైతయ్ గని పొర లెక్క సాగయ్. సబ్బు గా బిగువు తగ్గిస్తది. మగ్గం మీద పడుగు మరీ బిగిస్తే పోగు తెగదా?"

"మరి గంత పల్చటి పొర చినగకుండ ఎట్ల ఆగుతది?"

"సాగిన కాడ సబ్బు పల్చబడతది. గాడ మళ్ల బిగువెక్కి పక్కల నుంచి గుంజుకుంటది. నువ్వు ముచ్చట ఆపి ఊది చూడు."

అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్లు మండింది. వాక్యం మాత్రం మార్చలేదు. అంత అందమైనది మళ్లీ దొరకదనిపించింది.

జగిత్యాల ఫెయిర్‌లో జడ్జిగా వచ్చిన మేడం చార్టు చదివి ఒక్కటే అడిగింది. "సబ్బు కలిపితే నీటి తలతన్యత పెరుగుతుందా, తగ్గుతుందా?"

"తగ్గుతుంది మేడం."

"మరి ఇదేంటి?" అని ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

ఇంటికెళ్లాక పెద్దబాపు "ఏమడిగిండ్రు?" అన్నాడు. "ఏం అడగలే, మంచిగుందన్నరు" అన్నాను. "గట్లనా" అని చాయ్ తాగాడు. ఎప్పుడూ ఊరుకోని మనిషి ఆ రోజు ఊరుకున్నాడు.

ఆయన పోయిన మూడో రోజు పెద్దమ్మ దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "ఆయనకెర్కే బిడ్డా. నువ్వు వాట్సాప్‌ల ఫోటో పెట్టలేదా? చార్టు అందుల ఉండె గదా, గా ఎర్ర రాతతోటి. దాని నోటి నుంచే రానీ అని నన్ను గూడ అననియ్యలే" అంది.

తెలిసి కూడా మూడు నెలలు నా ముందు చాయ్ తాగాడు. అంత మొండితనం, అంత ఓపిక ఒకే మనిషిలో ఎలా పట్టాయో నాకు తెలియదు. ఇప్పుడు ఒక మాట నచ్చగానే అది నిజమేనా అని ఆగుతున్నానంటే ఆయన వల్లే. "పెద్దబాపు చెప్పిందే కరెక్ట్ పెద్దమ్మా" అన్నాను. ఆమె తలూపింది.

వాకిట్లో బోళ్లు తోమడానికి కూర్చున్నాను. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా కలిపి సబ్బునీళ్లలో ముంచి తీస్తే మధ్యలో సబ్బు పొర సాగింది. మెల్లగా ఊదాను. వేళ్లను విడవకుండానే బుడగ ఉబ్బింది. రంగులు పైనుంచి కిందికి జారుతున్నాయి. కాసేపటికి పైభాగంలో రంగే లేకుండా పోయింది, అక్కడ పొర ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఇంకా నిలిచే ఉంది.