శనివారానికి కాని ఉంగరం

మహబూబాబాద్ జిల్లా అయిన మరుసటేడు, వానలు మొదలైనంక, మా సేటు నన్ను పొదిగే బల్ల మీదికెళ్లి లేపి రాళ్ల పరీక్షకు కూసోవెట్టిండు. స్టేషన్ దిక్కు బజార్ల మాది మోస్తరు నగల దుకాణం. పనోల్లల్ల ఒక వరుస ఉంటది. మెరుగు పెట్టేటోడు అందరికన్న కింద, ఆ పైన అతుకులేసేటోడు, ఆ పైన రాళ్లు పొదిగేటోడు. రాయిని చూసి ఇది ఫలానాది, దీని కిమ్మతు ఇంత అని చెప్పేటోడు అందరికన్న పైన. చదువు రానోడు ఆడిదాక పోవుడు కష్టం, ఎందుకంటే ఖరీదైన రాయి వెంట పరీక్ష కార్డు వస్తది, దాన్ని చదవాలె. నేను నలభై దాటినంక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చిన. రాళ్లు అంతకుముందే వచ్చు.

ఆ కుర్చీల కూసున్నంక నాకు తెలిసింది, జనం రాయి గురించి అడిగేది ఒక్కటే. అసలుదా, నకిలీదా. రంగు ఎట్లున్నది, కోత ఎట్లున్నది, లోపల పగుళ్లున్నయా అని అడిగినోడు ఏడాదికొక్కడు దొరికితే గొప్ప.

యాకయ్య గూడ గదే అడిగిండు. కేసముద్రం మార్కెట్ యార్డుల దడువాయి ఆయన, అంటే రైతులు తెచ్చిన వడ్లు, పత్తి కాంటా వేసేటాయన. జాతకం చెప్పేటాయన శని బాగలేదు, నీలం పెట్టుకొమ్మంటే ఎక్కడ్నో కొనుక్కొచ్చి నా ముందట వెట్టిండు. "జర మంచిగ చూడన్నా. మోసపోయిన్నంటే మా ఇంటిది నన్ను నవ్వుతది" అన్నడు.

చూసిన. పదింతలు పెద్దగ చూపే కంటద్దంల అసలు నీలం పట్టు పోగులున్నట్టు కనిపిస్తది. సన్నటి గీతలు మూడు దిక్కులు ఒక లెక్క ప్రకారం పోతయి. మిషన్ల కరగదీసి చేసినదాంట్ల రంగు వంపు తిరిగిన చారలుగ ఉంటది, ఒక్కోసారి బుడగలు గూడ. అందుకే ఏ మచ్చా లేకుంట మెరిసేదాన్ని చూస్తే మాకు ముందుగాల అనుమానమొస్తది. యాకయ్య రాయిల పోగులున్నయి. అసలుదే అని చెప్పిన. రంగు మరీ నలుపుకు తిరిగింది, పెద్ద కిమ్మతు రాదని గూడ చెప్పిన. ఆ రెండో ముచ్చట ఆయన చెవులకెక్కలే. వెండి ఉంగరంల, రాయి అడుగు వేలికి తగిలేటట్టు కింద తెరిచి పొదిగిచ్చిన. గ్రహాల కోసం పెట్టుకునే రాళ్లకు గదే పద్ధతి.

కొన్ని దినాలకు ఆయన భార్య సరోజన ఒక్కతే వచ్చింది. దుకాణంల ఎవరు లేని జాగ చూసి కూసున్నది.

"బాపూ, మా ఆయనకు టీబీ. దవాఖానోళ్లు ఆరు నెలలు గోళీలు మింగుమన్నరు. నీ ఉంగరం పెట్టుకున్నకాడికెళ్లి ఒక్క గోళీ ముట్టలే. దగ్గు తగ్గిందంటడు. పక్కల పండేదాన్ని, నాకు వినవడదా?"

నేనేం చెయ్యాలె అని అడిగిన.

"ఆ రాయి నకిలీదని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే ఇంటడు."

"అసలు రాయిని నకిలీదని నా నోట రాదు బిడ్డా."

"నీ నోరు మంచిగనే ఉంటది బాపూ. నా ఇంట్ల మనిషే పోతడు."

నాకు అందరి మీద కోపమొచ్చింది. గోళీలు మానినోడి మీద, జాతకం చెప్పినాయన మీద, అడగరానిది అడిగిన ఈమె మీద. ఒక్క రాయిని అబద్ధం చేస్తే రేపటిసంది నేను చెప్పిన ఏ రాయి మాటకూ ఇలువ ఉండదు. ఆయనను నా కాడికి తోలుమని చెప్పి ఆమెను పంపిన.

యాకయ్య వచ్చిండు. రాయి అసలుదన్న గని నీ ఊపిరితిత్తులు బాగైనయని అన్ననా అని మొఖం మీదనే అడిగిన. ఆయన నవ్విండు. అసలుదైతే పనిచేస్తది, నకిలీదైతే చెయ్యది, అసలుదన్నది నువ్వే గదా అన్నడు. కాంటా సరిగుంటే తూకం సరిగ వస్తదా రాదా అని ఎదురు ప్రశ్న.

"కాంటా సరిగుంటే వడ్లల్ల తేమ పోతదా యాకయ్యా?" అన్న.

ఆయన వేలుకున్న ఉంగరం తిప్పుకున్నడు. మల్ల, "నీకు రాళ్లు తెల్సు, గ్రహాలు తెల్వయి" అన్నడు. గోడకు చెప్పుకున్నా ఇంతకన్న నయం.

అప్పుడే చేతి దిక్కు చూసిన. బస్తాలు జరుపుడుకు రాయి కూసునే గూడు అంచు వంగింది, రాయి కదులుతాంది. ఇది అబద్ధం కాదు, ఆయనకు గూడ వేలుతోని ఆడించి చూపిన. పడిపోతదని భయపడి ఉంగరం తీసిచ్చిండు. శనివారానికి చేసిస్తనన్న. నీలం శనిది, శనివారం పొద్దుగాలనే పెట్టుకోవాలె, ఆ పొద్దు తప్పితే మల్ల వారం ఆగాలె. ఇది నేను పెట్టిన నియమం కాదు, ఆయన నమ్మిందే.

ఆ శనివారం నిజంగనే కాలే. పెండ్లిళ్ల పని మీదవడ్డది. తిట్టుకుంట పోయిండు. గని ఆ దినమే సరోజన ఫోన్ చేసి, వేలికి ఉంగరం లేదని భయపడి దవాఖానకు పోయిండని చెప్పింది. దవాఖానోళ్లు చెడామడా తిట్టి, పరీక్ష చేసి, మందులు మల్ల మొదటికాడికెళ్లి మొదలువెట్టిండ్రట. ఫోన్ పెట్టి ఉంగరం దిక్కు చూసిన. అరగంట పని. దాన్ని డబ్బల ఏసి మూత పెట్టిన.

ఇగ ప్రతి శనివారం ఒక సాకు. కరెంటు లేదు. వెండి మెత్తగుంది. నాకు జరం. నగలు చేసే ఔసలి పనోడు అంటేనే రేపు రాపో అంటడని లోకానికి ఎట్లాగు నమ్మకం, ఆ చెడ్డపేరు నాకు అక్కెరకొచ్చింది. వేరే దుకాణంల ఇస్తే రాయి మారుస్తరని భయపడి యాకయ్య ఉంగరం వాపసు తీస్కపోలే గని, ఊకోలే. దుకాణం నిండ గిరాకీ ఉన్నప్పుడే నిలవడి, "ఏందన్నా, ఉంగరం పొదుగుతున్నవా, గుడ్లు పొదుగుతున్నవా? కోడికైనా ఒక లెక్కుంటది" అన్నడు. అందరు నవ్విండ్రు. ఇన్నేండ్లల్ల చెప్పిన పొద్దుకు పని తప్పలేదని పేరున్నోన్ని, పండ్లు కొరుక్కుంట కూసున్న.

సేటుకు మండింది. అసలు సంగతి చెప్తే ఇంక మండింది. మనం నడిపేది దుకాణమా, దవాఖానా అన్నడు. ఉంగరం ఇచ్చెయ్యి, లేకుంటే కుర్చీ ఇడిచిపెట్టు అన్నడు. నేను ఇడిచిపెట్టిన. ఆ డబ్బ పట్టుకొని మల్ల పాత బల్ల కాడ కూసున్న. జీతం గూడ పాత జీతమే. నెల తిరగకముందే ఒక గిరాకీ తెచ్చిన కెంపు చూసేటోడు లేక సేటే నన్ను పిలిచి కూసోవెట్టిండు. ఉంగరం మాట మల్ల ఎత్తలే.

ఎండలు ముదిరినంక సరోజన వచ్చింది. మందులు పూర్తయినయి, తెమడ పరీక్షల ఏం లేదన్నరని చెప్పింది. పరీక్ష కాయితం తనే పోయి తెచ్చుకున్నదట, ఆ ముచ్చట ఇంక ఆయనకు చెప్పలేదట. ఉంగరం ఇచ్చినంకనే చెప్పుకో, లేకుంటే మల్ల ఏం పేచీ పెడతడో అన్న. ఉంగరం కావాలని ఆపిన సంగతి, పరీక్ష ముందే అయిన సంగతి ఆయనకు ఎన్నడు చెప్పొద్దని ఆమె నా కాడ మాట తీసుకున్నది. ఆ శనివారం పొద్దుగాల్నే గూడు సాపుచేసి, రాయి బిగిచ్చి, ఆయన చేతుల పెట్టిన. సూడబట్టి కండ్లు కాయలుగాసినయని సణుగుకుంట పెట్టుకొని పోయిండు.

వారం తిరగకముందే మల్ల వచ్చిండు. వెంట యార్డుల బస్తాలు మోసే మల్లేశం. యాకయ్య మొఖం వెలుగుతాంది.

"చూసినవా అన్నా, ఉంగరం ఏలికెక్కిన మూడొద్దులకే రోగం లేదన్నరు. నువ్వు ఇన్ని నెలలు ఆపకుంటే ఎప్పుడో తక్కువయ్యేది. ఈనె గూడ దగ్గుతాండు, ఒక నీలం చూడు."

సరోజనకిచ్చిన మాట ఒకటి అడ్డం లేకుంటే ఆ పూట నేనేమందునో. మల్లేశాన్ని కూసోవెట్టి, ముందుగాల దవాఖానకు పోయి తెమడ పరీక్ష చేయించుకో, అది అయ్యేదాక నీకు నేను రాయి చూడ, పొదగ అని చెప్పిన. వాళ్లిద్దరు మొఖమొఖాలు చూసుకున్నరు. పనోడు ముసలోడైతే ఇట్లనే ఉంటదని యాకయ్య ఆయనతోని అనుడు నాకు వినవడ్డది. ఎటు పోయిండ్రో గని, దవాఖాన దిక్కైతే పోలే. ఆ దిక్కు దారి నా కుర్చీకాడికెళ్లి కనవడ్తది.

ఈ పనిల నేను నేర్చుకున్నది ఇది. రాయి గురించి తీర్పు చెప్పేటోడు ఆ తీర్పు ఏడిదాక చెల్లుతదో గూడ చెప్పాలె. అసలుదన్న మాట రాయి పుట్టుకకే చెల్లుతది. కిమ్మతు వేరే లెక్క, నమ్మకం ఇంకో లెక్క, రోగం మా లెక్కల్లనే లేదు. రిటైరయ్యేదాక నేను అసలు రాయి తెచ్చిన ప్రతి గిరాకీకి రెండు మాటలు చెప్పిన: ఇది అసలుది, ఇది మందు కాదు. రెండో మాట ఇని అలిగినోల్లు ఎదురు దుకాణానికి పోయిండ్రు. నేను ఆపలే.