మాస్టారు తిన్న రెండు అరటిపళ్ళు

మా జీవశాస్త్రం మాస్టారు పోయారు. మొన్న గురువారం పొద్దున రైల్వే వర్క్‌షాపు సైరను మోగి ఐదు నిమిషాలు కాలేదు, ఆయన పక్కింటి బెంగాలీ దాదా సైకిలు మీద వచ్చి, దిగకుండా ఒక కాలు మా గుమ్మం ముందు ఆనించి, "దీదీ, మాష్టర్‌మొశాయ్ ఆర్ నేయ్" అన్నాడు. ఇక లేరని. ఆఫీసుకని కట్టుకున్న చీరతోనే సుభాష్‌పల్లిలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఈ నాలుగు మాటలూ ఆయన్ని పొగడడానికి రాయడం లేదు. పొగిడించుకునే అలవాటు ఆయనకు లేదు, పొగిడే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో రైల్వే బళ్ళో ఆయన మాకు పాఠం చెప్పేవారు. పచ్చటి మనిషి, సన్నటి గొంతు. వానాకాలంలో సాలువా వైపు పొలాల దాకా సైకిలు తొక్కి, తడిగుడ్డ సంచీలో కప్పలు పట్టుకొచ్చేవారు. ఆ సంచీలోనే ఒక్కోసారి ఇంటికి కూరగాయలు కూడా వెళ్ళేవని మేము నవ్వుకునేవాళ్ళం. జేబులో ఎప్పుడూ ఎర్రసిరా పెన్ను. మామూలు తప్పు కింద ఒక గీత గీసేవారు, కొన్నిటి కింద రెండు. ఎందుకని అడిగితే, "ఒక గీతైతే తెలీక సేసినావని. రెండు గీతలైతే, తెలిసీ సేస్తావు సుమా, జాగర్త అని" అనేవారు. నా పుస్తకాల్లో రెండు గీతలే ఎక్కువ.

ఒకసారి కప్పను కోస్తూ బ్లేడుతో వేలు కోసుకున్నాను. నేను ఏడుస్తుంటే ఆయన నా చెయ్యి పైకెత్తి పట్టుకుని క్లాసునంతా పిలిచారు. "ఏడుపు తరవాత. ముందు సూడు. నెత్తురాగిపోతాంది గదా? ఎవలాపినారు?" నెత్తుట్లో సన్నటి పలుకులుంటాయని, నాళం తెగిన చోట అవి పోగుపడి ఒక సరుకు వదులుతాయని, దాంతో నాళం బిగుసుకుంటుందని చెప్పారు. దాని పేరు సెరోటోనిన్. మా పుస్తకంలో ఆ మాట లేదు. పరీక్షకు రాని సంగతులు చెప్పేటప్పుడే ఆయన మొహం వెలిగేది. "బిగించడమే దాని పనా అంటే, కాదు. కొన్ని నాళాల్ని వదులు కూడా సేస్తాది. బిగిసినకాడ రక్తపు పోటు పెరుగుతాది, వదులైనకాడ పడిపోతాది. సరుకొక్కటే. ఏ తలుపు తట్టినాదో సూడాల, అంతే." అప్పటికి నా వేలి నెత్తురు ఆగిపోయింది. ఆయన తన జేబురుమాలు చింపి కట్టు కట్టారు.

మాది ఆంధ్ర తీరం నుంచి వచ్చి ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో స్థిరపడిన తెలుగు క్రైస్తవ సంఘం. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. ఇరవై ఏళ్ళుగా ఆ పని ఇంకెవరూ చేయలేదు. చదువు మధ్యలో ఆయన మొహం ఎర్రబడడం నేను మొదట చూసింది, బడి వదిలి ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకి, ఒక వేసవి ఆదివారం. మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకి, చూస్తుండగానే కందిపోయింది. చెమటలు. చెక్కబల్లను రెండు చేతుల్తో పట్టుకుని వాక్యం పూర్తి చేసి, గబగబా బయటికి, మరుగుదొడ్డి వైపు వెళ్ళిపోయారు. తర్వాతి నెలలో మళ్ళీ జరిగింది. ఆ పైన వారం వారం. టీ కూడా పలచగా తాగే మనిషి గురించి మా వాళ్ళు పొద్దున్నే సారా పోసుకొచ్చాడన్నారు. ఒకరోజు గోల్‌బజార్‌లో చేపల వరస దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే రిక్షావాడు లేపి ఇంటికి చేర్చాడు. మొహం ఎర్రగా, కాళ్ళు తడబడుతూ. చూసినవాళ్ళకి ఇంకేం సాక్ష్యం కావాలి? సంఘపెద్దలు ఆయన్ని వాక్యం చదవొద్దన్నారు. ఆయన చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

నేనూ నమ్మాను. ఇది దాచి లాభం లేదు.

ఊళ్ళో ఒక ఆసుపత్రికి కొత్తగా వచ్చిన బెంగాలీ డాక్టరు, మాస్టారి మొహం ఎర్రబడిన వేళలోనే చేతికి పట్టీ కట్టి చూస్తే రక్తపు పోటు బాగా కిందికి పడి ఉందట. అనుమానం వచ్చి వార్డులో చేర్చుకుని పరీక్షలు మొదలుపెట్టాడు. ఆ వారమే మా సంఘపెద్ద నన్ను పిలిచాడు. "అమ్మీ, నువ్వాయన స్టూడెంటువి. నిన్నయితే దగ్గరికి రానిస్తాడు. పలకరించినట్టెల్లి, వాసనేటైనా వొస్తాందేమో సూసి రా. ఉత్తి సేతుల్తో ఎల్లకు, పళ్ళట్టుకెళ్ళు."

వెళ్ళాను. గోల్‌బజార్‌లో సింగపూరి అరటిపళ్ళు అరడజను కొనుక్కుని, సాయంత్రం చూడనిచ్చే వేళకి వెళ్ళాను. మంచం కింద గోధుమరంగు సీసా ఉంది. రోజంతా మూత్రం అందులోనే పట్టాలట. నన్ను చూడగానే మాస్టారు లేచి కూర్చున్నారు. పక్క మంచం మీది ముసలాయనతో గర్వంగా, "అమార్ ఛాత్రీ" అన్నారు, నా శిష్యురాలని. నా వైపు తిరిగి, "నాలుగు నెల్లకి మన సంఘంలోంచి ఒక మనిసి వొచ్చినాదమ్మా" అన్నారు. నేను దిండు సర్దుతున్నట్టు వంగి, ఊపిరి పీల్చాను. ఫినాయిలు, కొబ్బరినూనె. అంతే.

చేతులకి ఏదో ఒక పని కావాలని పండు వలిచి ఆయన చేతిలో పెట్టాను. "తినండి మేస్టారూ, మీకిష్టం గదా." ఆయన పండు వైపు కాసేపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నెమ్మదిగా తిన్నారు. ఇంకొకటి వలిచిచ్చాను. అదీ తిన్నారు. "తియ్యగున్నాయమ్మా" అన్నారు.

వాసన లేదండీ అని సంఘపెద్దకు చెప్పాను. "ఆసుపత్రిలో ఎవడు తాగనిస్తాడమ్మీ!" అని నవ్వాడాయన.

ఆ మూత్రం పరీక్షలో సెరోటోనిన్ తాలూకు సరుకు చాలా ఎక్కువగా వచ్చింది. డాక్టరు కాగితం చూసి, అరటిపండు తిన్నారా అని అడిగాడట. ఆ పండులోనూ ఆ సరుకే ఉంటుంది, తింటే పరీక్ష తప్పుదారి పడుతుంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. రెండు తిన్నానన్నారు. అయితే అదే కారణం అయ్యుంటుందని, దుర్గాపూజ సెలవుల తర్వాత ఆ పళ్ళు మానేసి మూత్రం మళ్ళీ ఇవ్వమని చెప్పి పంపేశాడు డాక్టరు. మాస్టారు తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట అందరికీ వినబడేలా, "ఏటీ నేదట. అరటిపళ్ళు తిన్నాను, దానికే!" అని నవ్వారు. ఎవరిచ్చారో చెప్పలేదు. నా వైపు చూడలేదు. నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. జబ్బు లేదు కదా అనుకున్నాను.

సెలవులు అయ్యాయి. ఆయన వెళ్ళలేదు. బళ్ళో పరీక్షలన్నారు, చలికాలమన్నారు. లేదన్న మాట విన్నాక ఉందన్న మాట కోసం ఎవరు వెళతారు? మొహం మాత్రం ఎర్రబడుతూనే ఉంది. జనం మాట్లాడుతూనే ఉన్నారు. ఆ మరుసటి ఏడు కాళ్ళు నీరు పట్టాక కలకత్తా తీసుకెళ్ళారు. పేగులో చిన్న గడ్డ. ఆ సరుకంతా పుట్టేది అక్కడే. గడ్డ కాలేయానికి పాకాక, సరుకు నేరుగా నెత్తుట్లో పడి, గుండెలో కుడివైపు కవాటాల్ని మందంగా చేసేసింది. ముందే దొరికితే కోసి తీసేవాళ్ళమన్నారట అక్కడి వాళ్ళు. ఇప్పుడు చెయ్యడానికి ఏమీ లేదన్నారు.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఆయన పాఠమే చెప్పేవారు. ఉబ్బిన కాలు మీద వేలితో నొక్కి, పడిన గుంట చూపించి, "సూసినావా, పూడ్డానికి ఎంతసేపు పడతాందో?" అనేవారు. ఆ రోజు ఎందుకొచ్చానో చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ, "అన్నం తిన్నారా మేస్టారూ?" అని అడిగి వచ్చేశాను. నేను ప్రేమ కొద్దీ వెళ్ళాననే నమ్మి పోయారాయన.

సమాధుల తోటలో మట్టి వేస్తుండగా నా వెనక ఎవరో అన్నారు: "లివరు పోయిందంట గదా. లివరు పోయిందంటే మరేటి?" సంఘపెద్ద ప్రార్థనలో ఆయన బలహీనతల్ని క్షమించమని దేవుణ్ణి వేడుకున్నాడు. నేను ఆమేన్ అన్నాను. అందరితో పాటు నా నోటికీ వచ్చేసింది.

మాస్టారి ఇంటికి తిరిగొచ్చాక ఆయన భార్య, మేమంతా అమ్మగారనే పిలిచే ఆవిడ, నన్ను పక్కగదిలోకి పిలిచారు. బడి డైరీలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టారు. "సూడమ్మా. ఏటేటి తినకూడదో డాక్టరు సెప్తే ఆయనే రాసుకున్నారు. వార్డులో సేరిన నాటిది. మరి తెలిసీ అరటిపళ్ళెందుకు తిన్నారో, ఎవలిచ్చినారో, ఎన్నిసార్లడిగినా నాకు సెప్పనేదు. నీకేటైనా తెలుసా?"

"తెలీదండి" అన్నాను.

ఆవిడ తల ఊపి, చీటీ నా చేతిలోనే ఉంచి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడానికి లోపలికి వెళ్ళారు. గుండ్రటి దస్తూరీ. నీలం సిరా. అనాస. టమాటా. అక్రోటు. అన్నిటికన్నా పైన అరటిపండు. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు.