మూసేసిన రంధ్రం

అరోరా స్టేషన్‌లో ఆ రోజు తలుపులు మూసుకునేలోపు ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి రైలెక్కి, నా పక్కన కూర్చున్నాడు. అంతలో ఫోన్ మోగింది.

"నో అమ్మా, రన్ చేయలేదు," అన్నాడు రొప్పుతూనే.

నాకు నవ్వొచ్చింది. అది చూసి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, పుట్టుకతో తన గుండెలో రంధ్రం ఉండేదనీ, ఏడాది వయసులోనే సర్జరీ చేసి మూసేశారనీ చెప్పాడు.

ఆసుపత్రి రికార్డులు చదివి జబ్బులకు కోడ్‌లు వేయడం నా ఉద్యోగం. "పూర్తిగా మూసుకుపోతే మేం దాన్ని జబ్బు కింద వేయం బాబూ, హిస్టరీ అని వేస్తాం," అన్నాను.

"అదే మా అమ్మకి చెప్పండి అంకుల్," అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

చెప్పాను. ఆవిడ అంతా విని, "అది సరేనండీ, వాడు పరుగెత్తలేదు కదా?" అంది.

రికార్డులో లేనిది ఒక్క ముక్క కూడా చేర్చకూడదన్నది మా పనిలో మొదటి నియమం.

"లేదమ్మా, నడిచే వచ్చాడు," అన్నాను.