చిలుకకు పనికిరాని కొమ్మ

మా లెక్కల సారు పోయారని కుప్పం నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో మా షాపు ముందు నిలబడి టీ తాగుతున్నాను. "సారు పొయినాడ్రా. నిద్దట్లోనే" అన్నాడు. "సుఖంగా పొయినాడన్నమాట" అన్నాను. వాడు "మూడో దినానికి పుంగనూరికి రా. అందరం వస్తాండాం" అని పెట్టేశాడు. నేను ఇంకో టీ చెప్పాను.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. సరే, మంచితోనే మొదలుపెడతాను. ఆయన చిలుకను చాలా బాగా చూసుకున్నారు.

పుంగనూరులో బడి వెనక సందులో ఆయన అద్దె ఇల్లు. బడి ఆవరణలో రెక్క విరిగి పడిన చిలుక పిల్లను తెచ్చుకుని, వరండా మూలన గోడకే ఇనుప జాలీ బిగించి దానికి గది కట్టించారు. మా పక్క చలి మీకు తెలిసే ఉంటుంది. డిసెంబరులో బాగా పొద్దెక్కితే గానీ మంచు విడవదు. ఆ చలికి చిలుక కాళ్లు చల్లబడతాయని అది కూర్చునే అడ్డకొమ్మకు ఉన్ని గుడ్డ తొడిగేవారు. పోగులు లేస్తే గోళ్లకు చుట్టుకుంటాయని అంచులు మడిచి కుట్టేవారు. గాలి కొట్టే వైపు గోనెపట్టా, పైన కంబళి. ఆ ఉన్ని గుడ్డ ఎక్కడిదో మాకు చాలా రోజులు తెలియలేదు. సారు భార్యను మేమంతా అమ్మా అనేవాళ్లం. ఆమె చలికాలమంతా చేతుల్లేని స్వెటర్ వేసుకుని వాకిలి ఊడ్చేది. అదేదో ఫ్యాషన్ అనుకున్నాం. ఆ రెండు చేతులూ చిలుక కొమ్మ మీద ఉన్నాయి.

మా తరగతికి కొమ్మల వంతు ఉండేది. ప్రతి సోమవారం వంతు వచ్చినవాడు ఇంటి నుంచి జామకొమ్మలు తేవాలి. సారు వాటిని రెండు కుప్పలుగా వేరుచేసేవారు. ఒకటి చిలుకకు, ఒకటి మాకు.

నా వంతు వచ్చిన వారం నేను పెరటి చెట్టంతా గాలించి, ఒక్క కణుపు కూడా లేని కొమ్మను ఎంచాను. బెరడు తీసి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాను. సారు మెచ్చుకుంటారని ఎంత ఆశో! ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది చిలక్కి పనికిరాదురా" అన్నారు. "నున్నంగా ఒకటే లావు ఉంటే కాలు ఒకే తావున ఒత్తుకుని పుండైపోతాది. దానికి వంకర టింకరగా, ఒకపక్క లావు, ఒకపక్క సన్నం ఉండాల. ఇది మీకు బాగుంటాది. చెయ్యి సాపు."

నేను ఏ తప్పూ చేయలేదు. కొమ్మ ఎట్లా తగులుతుందో చూడాలి, అంతే. ఆయన పద్ధతి మా అందరికీ కంఠతా. అరచెయ్యి పైకి తిప్పాలి, వేళ్లు బారుగా చాపాలి, కదలకూడదు. వెనక్కి తీసుకుంటే ఇంకో రెండు. చలికి కొయ్యబారిన చెయ్యి. చివరి క్షణంలో చిటికెనవేలు నాకు తెలియకుండానే ముడుచుకుంది. దెబ్బ ఆ వేలి కణుపు మీద పడింది. ముడుచుకున్నందుకు ఇంకో రెండు.

మా నాయన పసరు కట్టు కట్టించి, బడికి వచ్చి సారుతో ఏమన్నాడో తెలుసా? "మాట వినకపోతే ఇంకా తగిలించండి సారూ" అన్నాడు. వేలు వంకరగానే అతుక్కుంది.

ఆ కట్టుతోనే ఒక సాయంత్రం మిగిలిన కొమ్మలు సారు ఇంట్లో పెట్టడానికి వెళ్లాను. ఆయన చిలుకను అరచేతిలో కూర్చోబెట్టుకుని, గోరువెచ్చటి కొబ్బరినూనె దాని కాళ్లకు రాస్తున్నారు. నన్ను చూసి, "పాపం, నొప్పైతే ఇది ఎవురికి సెప్పుకుంటాది?" అన్నారు. నిజంగానే జాలిపడ్డారు. నేను చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

లెక్కలు బాగా చెప్పేవారు, అబద్ధమెందుకు? ఇవాళ్టికీ నా షాపులో కాలిక్యులేటర్ లేదు. అందుకు నేను రుణపడే ఉన్నాను. కానీ ఆనాటి నుంచి నేను ఎవరి ముందూ అరచెయ్యి చాపలేదు. గుడిలో తీర్థం కూడా పట్టను. నా భార్య నన్ను నాస్తికుడని అనుకుంటోంది.

మూడో దినం పుంగనూరు వెళ్లాను. షామియానా కింద పాత విద్యార్థులందరూ కూర్చుని ఉన్నారు. "ఆయన కొట్టబట్టే మనమిట్లుండాము" అని ఒకడు, "దేవుడప్పా సారు" అని ఇంకొకడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు అమ్మ లోపలి నుంచి వచ్చింది. కుప్పంలో కూతురింటికి వెళ్లిపోతోందట, ఇల్లు ఖాళీ చేయాలట. "ఆ ఇంట్లో పిల్లులుండాయప్పా. ఈ చిలక్ని వదిలేస్తే ఎగరలేదు. ఓనరు రేపొచ్చి జాలీ పీకేస్తాడంట. ఎవురన్నా తీసుకుపోండి" అంది.

దేవుడన్నవాడు ఫోన్ చూసుకున్నాడు. ఇట్లుండాము అన్నవాడు జాలీలో చెయ్యి పెట్టి పట్టుకోబోయాడు. చిలుక రక్తం వచ్చేలా కొరికింది. ఇంకొకడు వేలు చూపించి పిలిచాడు, వాడికీ అదే శాస్తి. ముసలి చిలుక, మెడ దగ్గర ఈకలు రాలిపోయాయి, కొమ్మను వదలలేదు.

"నువ్వన్నా సూడప్పా" అని అమ్మ నా వైపు తిరిగింది. ఆమె ఇంకా ఆ చేతుల్లేని స్వెటర్‌లోనే ఉంది. "అది నా దగ్గిరికీ రాదు. ఏలు సూపిస్తే కొరుకుతాది. ఆయన ఎట్ల పట్టేవాడో అట్లయితేనే వస్తాది. అరచెయ్యి పైకి తిప్పి, ఏళ్లు బారుగా పెట్టి, కదల్చకుండా. చెయ్యి సాపప్పా."

అక్కడున్న మగాళ్లందరూ తల దించుకున్నారు. ఆ పద్ధతి రానివాడు ఒక్కడూ లేడు మరి.

నేను వద్దనే అనుకున్నాను. రేపు ఆ జాలీ పీకేస్తే, నేలమీద నాలుగు అడుగులు వేసేసరికి ఏ కుక్కో నోట కరుచుకుపోతుంది. పోనీ, ఆయన చిలుకే కదా అని కూడా అనుకున్నాను. అనుకుంటూనే చెయ్యి లోపలికి పెట్టాను. అరచెయ్యి పైకి తిరిగింది. వేళ్లు చాచుకున్నాయి, చిటికెనవేలు తప్ప.

చిలుక తల పక్కకు వంచి చూసింది. ఒక్కో కాలే ఎత్తి నా చేతిలోకి దిగింది. కాళ్లు వెచ్చగా ఉన్నాయి. అరచేతి నడుమ నిలవలేక అంచుకు జరిగి, పట్టు కోసం వెతుక్కుని, వంకరగా ఉన్న ఆ వేలినే చుట్టి పట్టుకుంది. గోళ్లు పాత కణుపులో దిగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఇంకో రెండు.