పెద్దమ్మ గుమ్మానికి పూసిన మచ్చల కలబంద

మొన్న ఆర్మూర్‌లో మా డాబా మీది కలబంద పూసింది. కొనేటప్పుడు నర్సరీ అతను "అసలుదే మేడం" అని ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఆకుల నిండా తెల్ల మచ్చలు, అంచులకు గోధుమరంగు ముళ్లు. ఆ పువ్వు చూడగానే నాకు నవ్వాగలేదు, మా పెద్దమ్మ గుర్తొచ్చి.

నా చిన్నప్పుడు, పసుపు ఆరబోసే రోజుల్లో ఇదే వీధిలో మనుషులూ గోడలూ ఒకటే రంగు. పెద్దమ్మ గుమ్మానికి దిష్టి తగలకుండా ఓ కలబంద తలకిందులుగా వేలాడేది. మట్టీ నీళ్లూ లేకున్నా మొండిగా బతికేది, అచ్చం పెద్దమ్మలాగే. పెరట్లో అదే జాతి మొక్కలు పెంచి, పిలకలు వాడకట్టంతా పంచి, జుట్టుకూ కాలిన గాయానికీ ఇదే మందని వైద్యం చెప్పేదావిడ. ఎదురింటి చిన్నమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"అక్కా, గిది అసలు కలబంద గాదు. దానికి మచ్చలుండయ్."

"పిల్ల మొక్కకు ఉంటయే! పెద్దగైతే పోతయ్" అంది పెద్దమ్మ. అదీ నిజమే. కానీ మొక్కలు మూరెడు పెరిగినా మచ్చలు పోలేదు. పెద్దమ్మకు రోషమొచ్చింది. "పువ్వు రానీ. కంకి లెక్క పొడుగ్గ, పసుపుపచ్చగ పూస్తే అసలుదే. గొడుగు లెక్క ఎర్రగ పూస్తే నీ మాటే నిజమని వాడకట్టు ముందల ఒప్పుకుంట!"

ముందుగా గుమ్మానికి వేలాడేదే మొగ్గ తొడిగింది. కాడ వంపు తిరిగి పైకి లేచింది. ఓ పొద్దున నేను వెళ్లేసరికి పెద్దమ్మ స్టూలెక్కి, గడపకు రాసే పసుపును పువ్వుకు పూస్తోంది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా? గుమ్మం మీది పువ్వుకు పసుపు వెట్టొద్దా?" అని నన్నే గదిమింది.

చిన్నమ్మ వచ్చి చాలాసేపు తలెత్తి చూసింది.

"రంగైతే మంచిగనే వచ్చిందక్కా. మరి గా గొడుగును కంకి ఎట్ల జేస్తవ్?"

వాడకట్టంతా పకపకా నవ్వింది. ఇన్నాళ్ల వైద్యం ఒక్క పువ్వుతో మట్టిపాలైంది. పెద్దమ్మ మాడిన ముఖంతో ఓ ఆకు విరిచి బకెట్‌లో పిసికింది. తెల్లగా నురగ పొంగింది. "మందు గాకుంటే మాయె, సబ్బన్న అయింది గదనే!" అంది. ఆ సాయంత్రం ఇద్దరూ నల్లా దగ్గర కూర్చుని ఆ నురగతోనే పసుపు చేతులు కడుక్కున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నా పువ్వూ ఎర్రగా, గొడుగులాగే ఉంది. ఎవరూ చూడకుండా దానికి కాస్త పసుపు పూసి వీధిలోకి చూశాను. కాలం ఎంత పని చేసిందో అప్పుడు తెలిసింది. నా దొంగపని పట్టుకుని నవ్వడానికి ఎదురింట్లో ఎవరూ లేరు.